స్వాప్ పార్సెల్‌లో ఏ ఊలు పెట్టాలి? క్రోషె బహుమతులకు పనికొచ్చే దారాలు, హుక్కుల మీద సమీక్ష

క్రోషె అల్లేవాళ్ల ఇంట్లో ఊలు ఎప్పుడూ రెండు తీర్లుగానే ఉంటుంది: ఎక్కువైనది, చాలనిది. ఆవపిండి రంగువి మూడు ఉండలు అలమరలో పడి ఉంటాయి. కావలసిన తెలుపు మాత్రం పది మీటర్లు తక్కువ పడుతుంది. ఒకరి దగ్గర పేరుకున్నది ఇంకొకరికి చేరితే ఇద్దరి పనీ జరుగుతుంది. ఇలా ఒకరికొకరు పంపుకోవడాన్నే స్వాప్ అంటారు. ఇద్దరే మాట్లాడుకుని పంపుకున్నా, పదిమంది చీటీలు వేసుకుని పంపుకున్నా, పార్సెల్ విప్పగానే చెయ్యి ముందు ఉండ మీదికే పోతుంది. రంగు సరిగ్గా చూడకముందే బొటనవేలు, చూపుడువేలు మధ్య దారాన్ని నలిపి చూస్తాం. తెలియని ఊరి నుంచి వచ్చిన దారం చేతిలో కొత్తగా పలుకుతుంది. ఆ సంబరానికి సాటి లేదు.

అయితే మన కోసం కొనుక్కునే ఊలుని ఒక కంటితో చూస్తాం, పంపే ఊలుని ఇంకో కంటితో చూడాలి. మనకైతే తక్కువ పడితే మళ్లీ కొట్టుకి వెళ్లి తెచ్చుకుంటాం. అందుకున్నవాళ్లకి ఆ వీలు లేదు. కాబట్టి పంపే ఉండకి మా లెక్క ఇది: ఆ ఒక్క ఉండతోనే ఒక వస్తువు పూర్తవ్వాలి. లేబుల్ ఉండాలి. అందుకునేవాళ్ల ఊరి ఎండకీ, వాళ్ల ఇంటి ఉతుకుకీ తట్టుకోవాలి. దారిలో చిక్కుపడకూడదు. మామూలుగా మెచ్చుకునే చాలా ఊలు రకాలు ఈ లెక్కలో వెనకబడతాయి, ఎవరూ పెద్దగా పట్టించుకోనివి ముందుకొస్తాయి.

నూలు దారానిదే మొదటి చోటు

తెలుగు నేల మీద ఉన్నవాళ్లకి పంపుతుంటే కళ్లు మూసుకుని నూలు ఎంచుకోవచ్చు. చెమట పట్టే వేసవిలో కూడా ఒళ్లో పెట్టుకుని అల్లవచ్చు. వేడి గిన్నె కింద పెట్టినా కరగదు. మిషన్‌లో వేసినా నిలుస్తుంది. లోపల బొమ్మ అల్లినా, బయట సంచి అల్లినా పనికొస్తుంది.

మధ్యస్థ మందంలో, అంటే 2.5 నుంచి 3.5 మిల్లీమీటర్ల హుక్కుకి సరిపోయే నూలులో, స్వాప్ కోసమే చేశారా అనిపించేది నెదర్లాండ్స్ కంపెనీ స్కేప్‌యెస్ వారి కటోనా. నూరు శాతం మెర్సరైజ్ చేసిన, అంటే రసాయనంతో మెరుపు తెచ్చిన, నూలు. 50 గ్రాముల ఉండలో 125 మీటర్లు, 25 గ్రాముల ఉండలో 62.5 మీటర్లు, 10 గ్రాముల చిట్టి ఉండలో 25 మీటర్లు వస్తుంది. ఆ 10 గ్రాముల ఉండలే బహుమతికి అసలు విశేషం. ఆరు రంగులు పెట్టినా 60 గ్రాములే. పువ్వులు, ఆకులు, బొమ్మల ముక్కూ చెవులూ అన్నీ అయిపోతాయి. ఇక్కడికి తెప్పించుకుంటే ఖరీదు బాగా పెరుగుతుంది, అందుకే విదేశాల్లో ఉన్నవాళ్లు ఇటు పంపేటప్పుడు పెట్టదగ్గ వస్తువు ఇది. 5కి 5 మార్కులు.

కొంచెం సన్నగా కావాలంటే డీఎంసీ కంపెనీ వారి పెట్రా. 100 గ్రాముల ఉండ. 3వ నంబరులో 280 మీటర్లు, 5వ నంబరులో 400 మీటర్లు ఉంటుంది. మెరుపు బాగుంటుంది, పోగులు విడిపోవడం తక్కువ. ఒక్క ఉండతో జాకెట్టుకి అంచు లేసు, హ్యాండ్‌బ్యాగు పౌచ్, టేబుల్ మీది రన్నర్ ఏదైనా పూర్తవుతుంది. బహుమతిగా ఒకే ఒక్క ఉండ పంపాలని అనుకుంటే మా ఓటు దీనికే. 5కి 4.5. ఆ అర మార్కు తగ్గించింది బరువుకి: ఒక్క ఉండతోనే పార్సెల్‌లో 100 గ్రాములు అయిపోతుంది. మన దగ్గర ఎక్కువమందికి తెలిసింది యాంకర్ నిటింగ్ కాటన్. ముందు ముందు అదే రంగు అవసరమైతే అందుకున్నవాళ్లు వెతికి పట్టుకోగలరు, బహుమతికి అదీ ఒక గుణమే.

మెర్సరైజ్ చేసింది మంచిదా, చెయ్యనిదా అన్నది ఏం అల్లుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. నూలుని లాగి పట్టి కాస్టిక్ సోడాలో ముంచితే పోగు ఉబ్బి గుండ్రంగా అవుతుంది, మెరుపు వస్తుంది, రంగు గట్టిగా పట్టుకుంటుంది. లేసుకీ, బొమ్మలకీ, పౌచ్‌లకీ అది మేలు. గిన్నెలు తుడిచే గుడ్డకీ, ముఖం తుడుచుకునే గుడ్డకీ మాత్రం మెర్సరైజ్ చెయ్యనిదే కావాలి. మెత్తగా ఉండి తడిని వెంటనే పీలుస్తుంది. అమెరికాలో లిల్లీ షుగర్ అండ్ క్రీమ్ ఈ రకమే: 71 గ్రాములు, 109 మీటర్లు, 4.5 నుంచి 5 మిల్లీమీటర్ల హుక్కు. 20 సెంటీమీటర్ల చదరపు గుడ్డకి 40 నుంచి 50 గ్రాములు పడుతుంది కాబట్టి ఉండకి ఒకటిన్నర గుడ్డలు అన్నమాట. రెండు గుడ్డలు అల్లాలని పంపుతుంటే రెండు ఉండలు పెట్టండి. ఒకటి పెడితే రెండో గుడ్డ సగంలో ఆగిపోతుంది.

నూలులో వచ్చే ఇబ్బందులు రెండు. మొదటిది పోగులు విడిపోవడం. ఎక్కువ దారాల మెలి ఒకే దిక్కుగా ఉంటుంది. కుడిచేత్తో అల్లేవాళ్లు దారం చుట్టిన ప్రతిసారీ ఆ మెలి కొద్దికొద్దిగా విడిపోతూ వస్తుంది. వదులు మెలి ఉన్న నూలులో పది వరసలయ్యేసరికి హుక్కు పోగుల మధ్య గుచ్చుకుంటుంది. ఎడమచేతివాళ్లకి అదే దారం బాగా నడుస్తుంది. అందుకే స్వాప్‌లో చేరేటప్పుడే ఏ చేత్తో అల్లుతారో అడిగి రాసుకోవడం మంచిది. అడిగేవాళ్లు అరుదు, కానీ అడిగితే చాలా ఉపయోగం.

రెండోది రంగు దిగడం. ఎరుపు, కుంకుమ, ముదురు నీలం, నలుపు దారాల్ని పరీక్షించకుండా పంపకండి. అర మీటరు కత్తిరించి, తెల్ల నూలుగుడ్డ ముక్కలో చుట్టి, చుక్క సబ్బు వేసిన గోరువెచ్చని నీళ్లలో అరగంట ఉంచండి. గుడ్డకి రంగు అంటితే కార్డు మీద ‘రంగు దిగుతుంది, తెలుపుతో కలపవద్దు’ అని రాయండి. ఉప్పు నీళ్లు, వెనిగర్ పెడితే ఆగుతుందని చాలామంది చెబుతారు. వెనిగర్ పనిచేసేది ఉన్ని మీద వేసిన ఆమ్ల రంగులకి. నూలు మీద దిగేది పోగుకి పట్టని మిగులు రంగు. వేడినీళ్లలో రెండు మూడుసార్లు జాడించి వదిలించడమే దానికి దారి.

సన్న దారం, నరసాపురం లేసు

సన్న దారాల్లో నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 10 కంటే 20 సన్నం, 20 కంటే 40 సన్నం. 20వ నంబరుకి 1.25 మిల్లీమీటర్ల స్టీలు హుక్కు, 40కి 1 మిల్లీమీటరు అనుకుంటే మొదలుపెట్టడానికి చాలు. 20 సెంటీమీటర్ల గుండ్రటి డాయిలీకి (టేబుల్ మీద పరిచే లేసు గుడ్డ) 20వ నంబరు దారం 15 నుంచి 20 గ్రాములు పడుతుంది. అంటే స్వాప్‌లో పెట్టే వస్తువులన్నిటిలో బరువుకి ఎక్కువ అల్లిక దొరికేది దీంట్లోనే.

ఈ దారాన్ని బొమ్మలు మాత్రమే అల్లే కుర్రవాళ్లకి అడక్కుండా పంపవద్దు. ఊలు అలవాటైన చేతికి మొదటి రెండు రోజులు కళ్లూ వేళ్లూ నొప్పెడతాయి. కానీ లేసు తెలిసినవాళ్లకి దీని కంటే ఇష్టమైనది ఉండదు.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో ఈ పని ఊరూరా నడుస్తుంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844లో ఇక్కడి ఆడవాళ్లకి నేర్పారని చెబుతారు. నరసాపురం క్రోషె లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేం: ఇంగ్లండ్ దేశపు లాంకషైర్‌లో జాన్ మెర్సర్ నూలుకి కాస్టిక్ సోడా పట్టించే పద్ధతి కనిపెట్టింది కూడా ఆ 1844లోనే. 1850లో పేటెంటు తీసుకున్నాడు. దారమూ, దాన్ని అల్లే వేళ్లూ వేల మైళ్ల దూరంలో ఒకే ఏడాది తయారవుతున్నాయన్నమాట.

ఇతర రాష్ట్రాల, దేశాల అల్లికవాళ్లకి తెలుగువాళ్లు పంపదగ్గ బహుమతుల్లో నరసాపురం లేసు ముక్కకి మించింది మాకు తోచడం లేదు. గజం అంచు లేసో, ఒక డాయిలీయో చాలు. కొనేటప్పుడు వెనకవైపు తిప్పి చూడండి. మిషను లేసులో వెనక కూడా ఒకే తీరుగా, చదునుగా ఉంటుంది, ముడులు కనపడవు. చేతి అల్లికలో కుట్టుకి ముందూ వెనకా తెలుస్తుంది, దారం మొదలూ చివరా దాచిన చోట కొంచెం దట్టంగా ఉంటుంది. ఇంకొక్క మాట: గంజి పెట్టిన లేసు పంపకండి. దారిలో మడత పడితే ఆ గీత పోదు, అలమరలో ఉంచితే గంజి కోసం సిల్వర్ ఫిష్ పురుగులు చేరతాయి. గంజి లేకుండా, అట్టగొట్టానికి చుట్టి పంపండి. అందుకున్నవాళ్లు తడిపి, గుండుసూదులతో పరిచి, అప్పుడు గంజి పెట్టుకుంటారు.

కాష్మిలాన్, మిగతావి

ఊలు అంటే మన ఇళ్లలో చాలామందికి గుర్తొచ్చేది కాష్మిలాన్, అంటే ఆక్రిలిక్. వర్ధమాన్, ఓస్వాల్, గంగా కంపెనీలు మూడూ లూధియానావే. రంగులకి కొదవ లేదు, ధర తక్కువ, పురుగు పట్టదు, ఉతికినా ముడుచుకోదు. పసిపిల్లల టోపీకి 40 నుంచి 50 గ్రాములు, కాళ్ల మేజోళ్లకి 25 గ్రాములు చాలు. దుప్పటి చదరాలకి ఇదే సరి.

ఏం అల్లకూడదో చెబుతూ పంపాలి. కుండకింద పెట్టే చుట్టకీ, వేడి పెనం పట్టుకునే గుడ్డకీ ఆక్రిలిక్ వద్దే వద్దు, వేడికి మెత్తబడి కరుగుతుంది. ఇస్త్రీ పెట్టె నేరుగా తగిలితే అల్లిక చదునై, జారుడుగా మెరిసి, సాగిపోతుంది. దాన్ని మళ్లీ మామూలు చెయ్యలేం. కోస్తాలో ఏప్రిల్, మే నెలల్లో దీంతో మెడచుట్టూ వేసుకునేది అల్లమని ఎవరికీ పంపకండి. ఊటీలోనో, షికాగోలోనో ఉన్నవాళ్లకైతే ఆనందంగా పంపండి. తెలుగు రాష్ట్రాల్లోపల 5కి 3, చలి ఊళ్లకి 4.

లేబుల్ మీది ‘4 ప్లై’ అన్న మాటని నమ్మి మందం అంచనా వెయ్యకండి. ప్లై అంటే ఎన్ని పోగులు కలిపి మెలిపెట్టారన్నది మాత్రమే. బ్రిటన్‌లో 4 ప్లై అంటే సన్న ఊలు. మన కొట్లలో 4 ప్లై అని అమ్మేవి చాలావరకు అంతకంటే లావు. ఆస్ట్రేలియాలో 8 ప్లై అంటే మధ్యస్థ మందం. విదేశీయులతో ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ప్లై రాయకుండా, 100 గ్రాములకి ఎన్ని మీటర్లో రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

మిల్క్ కాటన్ అనే దారం ఇప్పుడు బొమ్మలు అల్లేవాళ్లందరి చేతిలోనూ ఉంది. పేరులో నూలు ఉన్నా చాలా రకాల్లో ఆక్రిలిక్ కలిసే ఉంటుంది. లేబుల్‌లో శాతాలు స్పష్టంగా ఉన్నదాన్నే ఎంచుకోండి. 2.5 మిల్లీమీటర్ల హుక్కుతో బిగువుగా అల్లితే లోపలి దూది కనపడదు, ముఖం మీద కుట్లు చక్కగా వస్తాయి. అరచేయంత బొమ్మకి ఒంటి రంగు 50 గ్రాముల ఉండ ఒకటి, మిగతా రంగులు 10 గ్రాముల చొప్పున పెడితే చాలు. కాలం గడిచేకొద్దీ పైన ఉండలుండలుగా నూగు లేస్తుంది, పిల్లలు ఎక్కువగా ఆడుకునే బొమ్మకి మెర్సరైజ్ చేసిన నూలే గట్టి. 5కి 4.

వెల్వెట్, షెనిల్ రకాలు: చేతికి పిల్లిపిల్లలా ఉంటాయి, పార్సెల్ విప్పినప్పుడు ముద్దొస్తాయి. కానీ కుట్టు కళ్లకి కనపడదు, వేళ్లతో తడిమి లెక్కపెట్టాలి. తప్పు పోయి విప్పితే నూగు రాలి లోపలి దారం బయటపడుతుంది. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి వద్దు.

టీషర్టు ఊలు తిరుప్పూరు బనియను మిల్లుల మిగులు గుడ్డతో వస్తుంది. బుట్టలకి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ఒక్క బుట్టకే అరకిలోకి పైగా కావాలి, పోస్టు ఖర్చు ఊలు ఖర్చుని మించిపోతుంది. ఒకే ఊళ్లో ఉన్నవాళ్లు చేతికిచ్చుకోండి.

అసలు గొర్రె ఉన్ని బాగుంటుంది, మన ఇళ్లలో దాన్ని పురుగు నుంచి కాపాడటమే కష్టం. కలరా ఉండలు వేసి దాచింది పంపితే ఆ వాసన నెలల తరబడి వదలదు. ఎండు వేపాకు గుడ్డలో మూటకట్టి పక్కన పెట్టుకోవడం నయం. పంపేముందు ఆ మూట తీసెయ్యండి.

మిగిలిపోయిన ఉండకి లెక్క కట్టడం

స్వాప్‌కి కొత్త ఉండలే కొనక్కర్లేదు. మిగిలినవి ఇవ్వడమే దీని అసలు అందం. కానీ ‘సగం ఉండ’ అని రాస్తే అందుకున్నవాళ్లకి ఏమీ తెలియదు. వంటింటి త్రాసు మీద తూచి, లేబుల్ మీది మీటర్లని లేబుల్ మీది గ్రాములతో భాగించి, తూకంతో గుణించండి. 50 గ్రాములకి 125 మీటర్లయితే గ్రాముకి 2.5 మీటర్లు. 18 గ్రాములు మిగిలితే 45 మీటర్లు. 45 మీటర్లతో కప్పు కింద పెట్టే 10 సెంటీమీటర్ల చుట్టలు రెండు దర్జాగా వస్తాయి, ఒక్కోదానికి 8 గ్రాములు లెక్క.

లేబుల్ పోయిన ఊలు గురించి కూడా ఎంతో కొంత చెప్పవచ్చు. స్కేలు మీద పక్కపక్కనే, నొక్కకుండా చుట్టి చూడండి: అంగుళంలో 11 చుట్లు పడితే మధ్యస్థం, 9 పడితే లావు, 14 దాటితే సన్నం. ఏ జాతి పోగో తెలియాలంటే నాలుగు అంగుళాల ముక్కని పటకారుతో పట్టి, ఇనప గిన్నె మీద, పక్కన నీళ్లు పెట్టుకుని వెలిగించండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే నూలు. వెంట్రుక కాలిన వాసన వచ్చి దానంతటదే ఆరిపోతే ఉన్ని. కరిగి నల్లటి గట్టి పూసలా మిగిలితే ఆక్రిలిక్ లాంటి కృత్రిమ పోగు. రెండూ కనిపిస్తే కలిసిన ఊలు. ఈ ఫలితం కార్డు మీద రాస్తే లేబుల్ లేని ఉండ కూడా గౌరవంగా వెళుతుంది.

ఒకే రంగువి రెండు ఉండలు పంపుతుంటే లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన ఉండలకి ఇచ్చే నంబరు) సరిచూడండి. లాట్ వేరైతే చేతిలో తేడా తెలియదు, అల్లాక గోడకట్టినట్టు గీత కనపడుతుంది. తప్పనిసరైతే ‘రెండు లాట్లు, రెండేసి వరసలు మార్చి మార్చి అల్లండి’ అని ఒక ముక్క రాయండి. అలా అల్లితే తేడా కలిసిపోతుంది.

విలువ లెక్క దగ్గర స్వాప్‌లు చెడుతుంటాయి. 200 గ్రాములకి 200 గ్రాములు అనుకుంటే ఒకరికి ఖరీదైన మెరినో ఉన్ని పోయి ఆక్రిలిక్ వస్తుంది. బరువుతో ముడిపెట్టకండి. ఇంత ధర లోపల, ఇన్ని మీటర్లకి తగ్గకుండా, ఇన్నో తేదీకి పోస్టు చెయ్యాలి అని మూడూ ముందే అనుకోండి. వద్దనుకున్న రంగులు రెండు చెప్పమని అడగండి. ఇష్టమైన రంగు అడిగితే అందరూ అన్నీ ఇష్టమే అంటారు, వద్దన్నవి అడిగితే నిజం చెబుతారు.

హుక్కులు, చిన్న వస్తువులు

హుక్కు బహుమతిగా ఇచ్చేటప్పుడు తల ఆకారం చూడండి. తల, మెడ ఒకే వరసలో ఉన్నట్టు లోతుగా కోసినది ఒక రకం. మెడ సన్నగా తగ్గి తల గుండ్రంగా ఉన్నది రెండో రకం. ఒకదానికి అలవాటుపడ్డ చేతికి రెండోది నెల రోజులైనా కుదరకపోవచ్చు. వాళ్ల దగ్గర ఉన్న హుక్కు ఫోటో అడిగి తీసుకుంటే సరిపోతుంది. మన పోనీ అల్యూమినియం హుక్కులు చవకగా, తేలిగ్గా ఉంటాయి, ఎప్పుడూ ఒకటి పోయేవాళ్లకి నాలుగు సైజులు పంపవచ్చు. గంటల తరబడి అల్లేవాళ్లకి జపాన్ కంపెనీలు క్లోవర్, తులిప్ చేసే మెత్తటి పిడి హుక్కులు మణికట్టుకి ఎంతో సుఖం. ఒక్కటే కొనగలిగితే 3 మిల్లీమీటర్లది కొనండి. నూలుకీ, బొమ్మలకీ రెంటికీ వస్తుంది. సైజు ఎప్పుడూ మిల్లీమీటర్లలోనే చెప్పండి. సన్న స్టీలు హుక్కుల నంబర్లు ఒక్కో దేశంలో ఒక్కో తీరు.

నమూనా కాగితం జతచేస్తే అది అమెరికా పేర్లతో ఉందా, బ్రిటిష్ పేర్లతో ఉందా అని పైనే రాయండి. అమెరికావాళ్ల సింగిల్ క్రోషెని బ్రిటన్‌లో డబుల్ క్రోషె అంటారు. ఈ ఒక్క పొరపాటుతో అరచేయంత బొమ్మ జానెడవుతుంది, ఊలు సగంలో అయిపోతుంది.

కుట్టు గుర్తుల్లో (లెక్క తప్పకుండా కుట్టుకి తగిలించేవి) పిన్నీసులా తెరుచుకుని మూసుకునేవే క్రోషెకి పనికొస్తాయి. మూసి ఉన్న ఉంగరాలు రెండు సూదులతో అల్లే నిట్టింగ్‌వి, మనకి దండగ. పూసలు వేలాడే అందమైన గుర్తులు కొనేముందు కొక్కెం అంచుని మేజోడు మీద లాగి చూడండి, పోగు పట్టిందంటే ఊలునీ పట్టేస్తుంది. మొద్దుమొన, పెద్ద కన్ను ఉన్న సూదులు రెండు పెడితే ఎవరూ కాదనరు. చివరలు దాచే సూది ఎప్పుడూ దొరకదు కదా.

చదరాల మార్పిడి

ఊలుతో పాటు అల్లిన చదరాలు పంపుకోవడం ఇంకా ముచ్చటైన పని. పన్నెండు మంది తలా పన్నెండు అల్లి పంచుకుంటే ప్రతి ఇంట్లో పన్నెండు చేతుల దుప్పటి తయారవుతుంది. మదర్ ఇండియాస్ క్రోషె క్వీన్స్ బృందం 2016 జనవరి 31న చెన్నైలో 11,148.5 చదరపు మీటర్ల క్రోషె దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు సాధించింది. అంత పెద్దదైనా ఎందరో ఎక్కడెక్కడో అల్లిన ముక్కల కలయికే.

ఇక్కడ జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే: ‘4 మిల్లీమీటర్ల హుక్కుతో అయిదు వరసలు’ అని చెబుతారు. ఒకరి చదరం 13 సెంటీమీటర్లు వస్తుంది, ఇంకొకరిది 16. చేతి బిగువు మనిషికో తీరు. హుక్కు కాదు, పూర్తయిన కొలత చెప్పాలి: తడిపి పరిచి ఆరాక 15 సెంటీమీటర్లు. బిగువుగా అల్లేవాళ్లు హుక్కు అర మిల్లీమీటరు పెంచుకుంటారు, వదులువాళ్లు తగ్గించుకుంటారు. చివరి వరస ఎవరూ అల్లకుండా 14 సెంటీమీటర్ల దగ్గర ఆపి పంపడం ఇంకా మంచి పద్ధతి. దుప్పటి కలిపేవాళ్లు ఆఖరి వరస తమ రంగుతో అల్లుతూనే జోడిస్తారు, చిన్న తేడాలు అందులో సర్దుకుంటాయి. మధ్య చుట్టు దగ్గర 15 సెంటీమీటర్ల దారం వదిలి, మూడుసార్లు దిక్కు మార్చి దాచండి. ఒకేవైపు లాగి కత్తిరించిన చివర రెండో ఉతుకులోనే ఊడి, చదరం మధ్యలో బొక్క పడుతుంది.

కట్టడం, పంపడం

ఊలు విరిగేది కాదు, అట్టపెట్టె అక్కర్లేదు. చిన్న అట్టపెట్టె ఒక్కటే 80, 100 గ్రాములు తూగుతుంది. గట్టి పాలిథిన్ కవరు 15 గ్రాములే. స్పీడ్ పోస్టులో 500 గ్రాములు దాటగానే ధర తరువాతి మెట్టుకెక్కుతుంది కాబట్టి కవరుతో కలిపి 480 దగ్గర ఆపుకోండి. 2025 సెప్టెంబరు 1 నుంచి దేశంలోపల రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, ఇప్పుడు రెండింటి మధ్య ఎంచుకోవలసిన పని లేదు. ప్రైవేటు కొరియర్లు ఊళ్లలో గుమ్మం దాకా రావు, పోస్టుమాన్ వస్తాడు. పల్లెల్లో ఉన్న అల్లికవాళ్లకి తపాలా కంటే నమ్మకమైనది లేదు.

ప్రతి ఉండ చివరని లోపలికి దోపి, ఒక్కోదాన్ని విడిగా జిప్ కవరులో పెట్టండి. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం. గాలి మొత్తం పీల్చి రాయిలా చెయ్యకండి, ఉన్ని పోగు అణిగి జీవం పోతుంది. చిలపలైతే (ఉండ చుట్టని దారపు కట్టలు) నాలుగు చోట్ల ఎనిమిది అంకెలా వదులుగా కట్టాలి. కట్టని చిలప దారిలో చిక్కు పడితే విప్పడానికి ఒక ఆదివారం పోతుంది. హుక్కులు పాత టూత్‌బ్రష్ డబ్బాలో వెయ్యండి, లేకపోతే కవరుని పొడుచుకుని బయటికొస్తాయి. చిరునామా లోపల కూడా ఒక కాగితం మీద రాసి ఉంచండి, పైన చీటీ ఊడినా పార్సెల్ తిరిగొస్తుంది.

వాసన సంగతి చాలామంది మరిచిపోతారు. తాలింపు, అగరుబత్తి, సిగరెట్టు వాసనల్ని ఊలు ఇట్టే పట్టుకుంటుంది. పంపేముందు ఒక పూట నీడన గాలికి ఆరబెట్టండి, ఎండలో వద్దు, రంగు వెలుస్తుంది. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే కార్డు మీద రాయండి, అవతలివాళ్లకి ఎలర్జీ ఉండవచ్చు. ఊలుతో తినుబండారాలు కలిపి పంపడం మన వాళ్లకి ముద్దు. ఆత్రేయపురం పూతరేకులు పొడైపోతాయి, బందరు లడ్డూ నెయ్యి నూలుకి ఎక్కితే మరక వదలదు. తియ్యటిది పంపాలనిపిస్తే మూత బిగిసే డబ్బాలో, వేరే పార్సెల్‌గా పంపండి.

విదేశాల నుంచి ఇటు వచ్చే బహుమతి పార్సెళ్లకి 2019 డిసెంబరు దాకా 5,000 రూపాయల లోపు ఉన్న సుంకం మినహాయింపు ఇప్పుడు లేదు. అందుకే ‘బహుమతి’ అని రాసినా ఊలు మీద సుంకం పడుతుంది, అందుకునేవాళ్లు కట్టాలి. ముందే చెప్పి పంపండి. కస్టమ్స్ కాగితంలో ‘గిఫ్ట్’ అని ఊరుకోకుండా ‘నూలు క్రోషె దారం, 2 ఉండలు, 100 గ్రాములు’ అని విడమరిచి, అసలు ధర రాస్తే ఆగకుండా కదులుతుంది. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న అక్కచెల్లెళ్లతో మార్చుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది, సెలవులకి వచ్చిపోయేవాళ్ల సూట్‌కేసు. అటు నరసాపురం లేసు, ఇటు చిట్టి నూలు ఉండలు. హుక్కులు, కత్తెర చెక్-ఇన్ సామానులో పెట్టండి. ఆవకాయ సీసా ఉన్న సూట్‌కేసులో మాత్రం ఊలు పెట్టకండి, ఎన్ని కవర్లు చుట్టినా సరే.